వాల్ట్ ప్యాడ్ల కోసం సరస్సు ఊరికి

ఐస్ హాకీ సామాను కంపు ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. చెమటా, తోలూ, తడిసి ఆరని స్పాంజీ కలిసిన వాసన అది. ఒకసారి పట్టుకుంటే సబ్బుకి లొంగదు. టొరంటో పక్కన మార్కమ్‌లో మా ఇంట్లో నా హాకీ సంచీకి గరాజ్ దాటి లోపలికి వచ్చే అర్హత లేదు. వరంగల్‌లో పుట్టి, ఐసంటే చెరుకురసంలో వేసేదని మాత్రమే తెలిసిన నేను నలభై దాటాక ఈ ఆటలోకి ఎందుకు దిగానో మా ఆయనకే కాదు, నాకూ తెలియదు. పెద్దవాళ్ళకి నేర్పే క్లాసుకి ఆఫీసువాళ్ళు రమ్మన్నారు, వెళ్ళాను, పడ్డాను, లేచాను, మళ్ళీ వెళ్ళాను.

అక్కడే డాక్టర్ భుజంగరావు గారు పరిచయమయ్యారు. తెనాలి మనిషి. ఊపిరితిత్తుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను అంకుల్ అంటాను, ఆయన అమ్మాయ్ అంటారు. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువసార్లు పడతారన్నది ఇంకా తేలని పందెం.

మా గోలీకి, అంటే గోల్ కాచే మనిషికి, కాల్గరీలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే ఆ చోటు ఖాళీ అయింది. సరదాగా ఆడే పెద్దవాళ్ళలో గోలీలు దొరకరు, అందుకే వాళ్ళ దగ్గర ఫీజు తీసుకోరు. ఉన్నచోట నిలబడే పనే కదా అని నేను ఒప్పుకున్నాను. ఆట జరిగే ఐసు రింకువాళ్ళు అరువిచ్చిన ప్యాడ్లు కట్టుకుని, వచ్చిన ప్రతి పక్‌నీ, ఆ నల్ల రబ్బరు బిళ్ళని, మర్యాదగా లోపలికి పంపించాను. సొంత సామాను ఉంటే బాగుపడతావని అందరూ అన్నారు. కొత్త సెట్టు ధర చూసి మా ఆయన వెళ్ళి జనవరి చలిలో కిటికీ తెరిచాడు.

పాత సామాను ప్రకటనలు వెతుకుతుంటే ఉత్తరాన ఎక్కడో ఒక సరస్సు ఊరి నుంచి ఒకటి కనిపించింది. గోలీ సామాను, పొట్టి మనిషికి సరిపోతుంది, డబ్బు అక్కర్లేదు, కానీ ఇక్కడికి వచ్చి తొడుక్కుని చూపించాలి. ఊరి పేరు ఇక్కడ రాయను, రాయొద్దని ఆ ఇంటావిడ కోరింది. శనివారం వెళ్ళి ఆదివారం వచ్చేద్దాం, నేను డ్రైవ్ చేస్తా అన్నారు అంకుల్.

ఒషావా: తలా, పాదాలూ

ఎవరి ప్యాడ్లయినా సరే, స్కేట్లు మాత్రం సొంతవి కావాలని ముందు ఒషావాలో ఒక కొట్టుకి వెళ్ళాం. మనం చెప్పులు కొనేటప్పుడు వేలు దూరేంత ఖాళీ ఉందా అని చూస్తాం. ఇక్కడ దానికి తలకిందులు. చెప్పుల సైజు కన్నా చిన్నది తీసుకోవాలి, బొటనవేలు ముందుభాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. కొట్టతను నా పాదం కొలిచి, ఒక జత తీసి ఓవెన్‌లో పెట్టాడు. వేడెక్కిన స్కేట్లలో కాళ్ళు పెట్టి, బిగించి, కదలకుండా కూర్చోమన్నాడు. చల్లారేలోగా అవి మన పాదం ఆకారానికి వస్తాయట. పక్కనే ఉన్న అంకుల్ ఒకటే నవ్వు, కాస్త నూనె రాస్తే బాగుండేదని.

కొట్టతను బిగిస్తూ ఒక నియమం చెప్పాడు. తలకీ పాదాలకీ కొత్తవి, మిగతా ఒంటికి ఎవరివైనా పరవాలేదు. స్కేటు వేరేవాళ్ళ పాదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. హెల్మెట్టుకి లోపల చీలిక ఉన్నా పైకి తెలియదు. అందుకని ఒక మాస్కు కూడా కొన్నాను. ఛాతీకి, చేతులకి, మోకాళ్ళకి పాతవి దొరుకుతాయంటూ మేం వెళ్తున్న ఊరి పేరు చెప్పాను. అతని చేతులు లేసుల మీద ఆగాయి.

ఇక్కడి యూనివర్సిటీలో చదివే కుర్రాడొకడు ఆ ప్రకటన చూసే వెళ్ళాడట, ఉత్తచేతులతో తిరిగొచ్చాడట. ఎందుకని అడిగితే, గోల్ పడలేదట, అందుకని ఇవ్వలేదట అన్నాడు. గోలీకి గోల్ పడకపోతే సంతోషించాలి గానీ ఇదేం లెక్క అని మేం నవ్వాం. అతను నవ్వకుండా నా రెండో స్కేటు లేసు కట్టాడు.

పొలం అనుకున్నది

ఉత్తరానికి వెళ్తున్నకొద్దీ ఇళ్ళు తగ్గి, పైన్ చెట్లు దగ్గరయ్యాయి. దారిలో ఒక చిన్న హోటల్లో పప్పు సూపు తాగాం. పచ్చబఠానీని పందిమాంసంతో ఉడికించేది కాదు కదా అని అంకుల్ రెండుసార్లు అడిగి, మాంసం లేనిది పెట్టించారు. రుచికి మన చప్పిడి పప్పే. టొరంటోలో కాఫీ ధరకి ఇక్కడ సూపూ రొట్టే వచ్చాయి.

అక్కడుండగా వరంగల్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఎక్కడికి పోతున్నానో చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను. "పోయినాయన సామాను ఒంటికి తగిలించుకుంటవా? కనీసం ఉప్పుతోటన్నా దిష్టి తీసెయ్యి," అంది. ఆయన పోయాడని నీకెవరు చెప్పారు, బతికున్నవాళ్ళు కూడా సామాను ఇస్తారు అన్నాను. బతికున్నోళ్ళు ఉత్తగ ఇయ్యరు అంది అమ్మ. మన దగ్గర పన్నెండో రోజు గొడుగూ చెప్పులూ దానమిస్తాం గానీ, పోయిన మనిషి వాడినవి తొడుక్కోమని ఎవరికీ ఇవ్వం. ఆ మాట మనసులో పడ్డాక సూపు చల్లారిపోయింది.

మధ్యాహ్నం దాటాక ఫోన్ చూపించిన దారి కుడికి తిరిగి చెట్లలోంచి దిగి, ఒక పెద్ద తెల్లటి పొలంలోకి వెళ్ళింది. గట్లు లేవు, కంచె లేదు, ముందు వెళ్ళిన బళ్ళ జాడలు మాత్రం ఉన్నాయి. పొలం మధ్యకి వచ్చాక కింద నుంచి ఒక మోత వినబడింది. మూసిన గదిలో ఎవరో పెద్ద బీరువా జరిపినట్టు, పొడవుగా, మా కింద నుంచి మొదలై దూరంగా పోయింది. అంకుల్ బ్రేకు వేశారు. ఫోన్‌లో చూస్తే మా కారు గుర్తు నీలం రంగులో, నీళ్ళ నడిమధ్యన ఉంది.

మేం సరస్సు మీద ఉన్నాం. అంకుల్ స్టీరింగ్ వదల్లేదు. నేను తలుపు తీయబోయి మానేశాను. ఇంతలో మంచు మీద నడిచే బండి, స్నోమొబైల్ మీద ఒక ముసలాయన వచ్చి అద్దం దించమన్నాడు. ఐసు మందంగా ఉందనీ, ట్రక్కులు కూడా వెళ్తాయనీ, ఆ మోత చలికి ఐసు బిగుసుకోవడమేననీ చెప్పాడు. మీరు ఆ ప్రకటన ఇచ్చిన ఐరీన్ ఇంటికే కదా అన్నాడు. అతని పేరు గస్. పోయిన గోలీతో చిన్నప్పటి నుంచీ ఆడినవాడు. అంటే అమ్మ అన్నది నిజమే, సామాను చనిపోయినాయనదే.

బేస్‌మెంట్

ఐరీన్‌కి డెబ్భై పైనే ఉంటాయి. చూపు మధ్యలో మసక, పక్కల మాత్రం కనబడుతుంది. అందుకని మనతో మాట్లాడుతూ మన చెవి పక్కకి చూస్తుంది. మొదట్లో నా వెనక ఎవరో ఉన్నారనుకుని తిరిగి చూశాను. తర్వాత కూడా ఒకటి రెండుసార్లు చూశాను.

సామాను కింద ఉందని, గోడ తడుముతూ నిటారు మెట్లు దిగింది. వెనక నేనూ అంకులూ దిగాం. లైటు వేసేసరికి మూల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మనిషి కాదు, సామాను ఆరబెట్టే కొయ్య స్టాండు. పైన మాస్కు, కింద ఛాతీ కవచం, అటూ ఇటూ గ్లవ్స్, కింద కాళ్ళ ప్యాడ్లు. ఎదురుగా చిన్న టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. ఐరీన్ భర్త వాల్ట్ పోయి ఏడాది అయిందని గస్ దారిలో చెప్పాడు. మరి ఫ్యాను దేనికని అడిగాను.

"ఆరడం లేదు," అంది ఐరీన్.

గ్లవ్ లోపల చెయ్యి పెట్టి చూశాను. తడిగానే ఉంది. అప్పుడే ఆట ముగించి తీసినట్టు ఉంది. బేస్‌మెంట్‌లో తేమ సహజమేనన్నారు అంకుల్. అంటూనే పక్కనున్న అట్టపెట్టె మీద చెయ్యి వేశారు, అది పొడిగా ఉంది.

గోలీ ప్యాడ్లని మోకాలి నుంచి చీలమండ దాకా కొలిచి కొనాలి. మోకాలు ప్యాడ్ మధ్యలో ఉన్న గుంటలో కూర్చోకపోతే దెబ్బ ఎముకకే. నేను వాటిని కట్టుకుని చూసుకున్నాను. మోకాలు సరిగ్గా కూర్చుంది. పట్టీ నాకు బిగించాల్సిన బెజ్జం దగ్గరే తోలు అరిగిపోయి ఉంది. కొట్టులో గంటసేపు కొలిచిన స్కేట్లు కూడా అంత కుదరలేదు. బాగా సరిపోయిందని సంతోషించాల్సిన చోట నాకు విప్పెయ్యాలనిపించింది.

అప్పుడు ఐరీన్ వాళ్ళ ఊరి పద్ధతి చెప్పింది. పోయిన ఆటగాడి సామాను వాళ్ళు అమ్మరు, ఎవరికైనా ఇస్తారు. గోలీదైతే, తీసుకునే మనిషి అవి తొడుక్కుని నెట్‌లో నిలబడాలి, పాత జట్టువాళ్ళు షాట్లు కొడతారు. ఒక గోల్ పడితే చాలు, సామాను చేతులు మారినట్టు. అప్పటిదాకా అది పోయినవాడిదే. ఎప్పుడూ రెండు మూడు షాట్లలో అయిపోయే వేడుక అది, తర్వాత అందరూ బీరు తాగి ఇళ్ళకి వెళ్తారు. వాల్ట్ ప్యాడ్లు కట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. ఇద్దరికీ చీకటి పడేదాకా ఒక్క గోల్ కూడా పడలేదు.

చేప, కారప్పొడి

సాయంత్రం ఐరీన్ సరస్సు చేప వేయించి, ఉడికించిన బంగాళాదుంపలతో పెట్టింది. ఉప్పు తప్ప ఏమీ లేదు. అంకుల్ జాకెట్ లోపలి జేబులోంచి కారప్పొడి సీసా తీసి, మందు వేసుకున్నంత గంభీరంగా చల్లుకున్నారు. ఐరీన్ కొంచెం అడిగి నాలిక మీద వేసుకుని, దగ్గి, నవ్వింది. వాల్ట్ పోయినప్పుడు ఊరివాళ్ళు వారాల తరబడి వండి తెచ్చారట. మన దగ్గరా అంతే, పొయ్యి వెలిగించనివ్వం అన్నాను.

గిన్నెలు కడుగుతున్నప్పుడు, భోజనానికి వచ్చిన గస్ నన్ను పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పాడు. టొరంటోలోని ఎటోబికోలో ఉన్న కూతురు తల్లి కోసం గది సిద్ధం చేసింది. ఐరీన్ ఇల్లు అమ్మకానికి పెట్టి, బేరం కూడా కుదిర్చింది. ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. కానీ వాల్ట్ సామాను ఇల్లు దాటందే తను దాటనని కూర్చుంది. నేను వెళ్ళిపోతే ఆయన ఒక్కడే ఉండిపోతాడు అంటుంది. రేపు కూడా గోల్ పడకపోతే బేరం వదులుకుంటానని కూతురికి చెప్పేసింది. పోయిన శీతాకాలం మెట్ల మీద పడి, గస్ వచ్చి చూసేదాకా అక్కడే ఉందట.

ఇంకో చలికాలం ఒంటరిగా ఉంటే ఆ మెట్ల కిందే దొరుకుతుంది అన్నాడు గస్. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. గోల్స్ వదలడంలో నన్ను మించినవాళ్ళు ఒంటారియోలోనే లేరు. ఆ మాటే అతనికి చెప్పాను. అతను తల ఊపాడు. ఆ ఒషావా కుర్రాడూ ఇదే మాట చెప్పాడు అన్నాడు.

ఉప్పు

ఆదివారం పొద్దున ఎండ బాగా కాసింది. ఎండ అంటే వెలుతురే, వేడి లేదు. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టేంత చలి. ఇంటి ముందే సరస్సు మీద మంచు ఊడ్చి, నీళ్ళు పోసి రింకు చేశారు. దూరంగా చేపలు పట్టే చిన్న గుడిసెలు తప్ప అన్నివైపులా తెలుపే. ఆ తెలుపులో ఎవరి మాటా దూరం పోదు, ఐసు మోత మాత్రం ఊరి చివరి నుంచి కూడా వినబడుతుంది.

సామాను ఐసు మీద పెట్టి ఉంది, ఇంకా ఎవరూ రాలేదు. అమ్మ మాట గుర్తొచ్చింది. కారు డిక్కీలో దారి మంచుకి చల్లే ఉప్పు సంచీ ఉంటుంది కదా, ఇక్కడ అందరి కార్లలోనూ ఉంటుంది. దాంట్లోంచి గుప్పెడు తీసి, ప్యాడ్ల చుట్టూ తిప్పి, దిష్టి తీసి, ఎక్కడ పారెయ్యాలో తెలియక గోల్ ముందే విసిరాను. నీళ్ళలో వెయ్యాలన్నది గుర్తుంది, కాళ్ళ కింద ఉన్నదీ నీళ్ళే కదా అనుకున్నాను.

వాల్ట్ జట్టువాళ్ళు ఒక్కొక్కరూ వచ్చారు. అందరూ తాతలే. నేను నా స్కేట్లూ నా మాస్కూ, వాల్ట్‌వి మిగతావన్నీ తొడుక్కుని నిలబడ్డాను. ఐరీన్ ఒడ్డున కుర్చీలో కూర్చుంది. గస్ మొదటి షాట్ కొట్టాడు. నెమ్మదిగా, నేల మీదుగా, నాకు ఇష్టమైన రకం, అంటే నేను ఎప్పుడూ వదిలే రకం. అది నా ముందు దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాతదీ అంతే. మూడోది ఎత్తులో వస్తే నా చెయ్యి లేచి పట్టుకుంది. నేను లేపలేదు.

గోలీలు మోకాళ్ళు లోపలికి మడిచి ఐసు మీద కూలబడి కింది భాగం మూసేస్తారు. ఎన్నిసార్లు నేర్పినా నాకు రాని విద్య. ఆ పొద్దున నా కాళ్ళు వాటంతట అవే మడతపడి లేచాయి. పక్‌లు ఎవరో ముందే చెప్పిపెట్టినట్టు ప్యాడ్లకి తగిలాయి. తర్వాత ఒక షాట్‌కి కావాలనే పక్కకి తప్పుకుందామనుకున్నాను. ఎడమ కాలు వెనకే ఉండిపోయి ఆపింది. తాతలు నవ్వడం మానేశారు. ఒకాయన టోపీ తీసి, వాల్ట్, చాలించరా అన్నాడు మెల్లగా. దూరంగా ఐసు మోగింది.

అప్పుడు నాకు ఉప్పు గుర్తొచ్చింది. ఉప్పు ఐసుని కరిగించి ఉంటుంది, ఆ మెత్తటి చోట పక్‌లు ఆగిపోతున్నాయి. సిగ్గూ ఊరటా కలిసి పరిగెత్తుకుంటూ వెళ్ళి గస్‌తో చెప్పేశాను. దిష్టి అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడం కష్టమైంది. అంకుల్ హమ్మయ్యా అన్నట్టు నవ్వారు. గస్ వచ్చి చేతిగ్లవ్ తీసి గోల్ ముందు ఐసు తడిమి చూశాడు. ఉప్పు పలుకులు ఐసు మీద పొడిగా, వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇంత చలిలో ఉప్పు పని చెయ్యదు, మా ఊరి దారులకి మేం ఇసుకే చల్లుతాం అన్నాడు. ఆ పలుకుల్ని పక్కకి తుడిచేసి, ఇంకా కొన్ని షాట్లు కొట్టాడు. అవీ పడలేదు.

ఐరీన్ లేచి, ఎవరినీ పిలవకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది. తాతలు కర్రలు భుజాన వేసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఒక ముసలావిడ నా వల్ల ఆ ఇంట్లో ఉండిపోతుందని, నా చేతకానితనమే సాయం చెయ్యాల్సిన రోజున అది కూడా నన్ను వదిలేసిందని.

కాకి

వంటింట్లో ఐరీన్ టీ పెట్టింది. నేను మాస్కూ గ్లవ్సూ తప్ప ఏమీ విప్పలేదు, ప్యాడ్లతోనే కుర్చీ అంచున కూర్చున్నాను. అంకుల్ కిటికీ దగ్గర నిలబడి, తెలుగులో, నాకు మాత్రమే అన్నట్టు అన్నారు. "నాకు వీటి మీద నమ్మకం లేదమ్మా, నీకు తెలుసుగా. కానీ మా నాన్నకి కాకి ముట్టకపోతే మేం పొద్దుగూకే దాకా అలానే కూర్చున్నాం."

ఆ మాటతో నాకు మా పెదనాన్న పిండం గుర్తొచ్చింది. ఐరీన్‌కి చెప్పాను. మనిషి పోయాక మేం అన్నం ముద్ద పెట్టి కాకి కోసం చూస్తాం, అది ముడితే పోయినవాళ్ళకి తృప్తి అయినట్టు. మా పెదనాన్నకి గోడ మీద కాకులు కూర్చునే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. ఇష్టమైనవన్నీ వండి పెట్టారు, దిగలేదు. ఆఖరికి మా అన్న చేతులు కట్టుకుని, నాయినా, నీ బర్రెను అమ్మం అన్నాడు. వెంటనే కాకి దిగింది.

ఐరీన్ నా చెవి పక్కకి చూస్తూ విని, నిజంగా అమ్మలేదా అని అడిగింది. అమ్మలేదు, ముసలిదై మా దొడ్లోనే పోయిందని చెప్పాను. వాల్ట్‌కి ఏమైనా బెంగ ఉండేదా అని అడిగాను.

ప్రాణం పోయిన ఆ ఆదివారం వాల్ట్ ఇంట్లోనే అన్నీ తొడుక్కుని, గస్ ట్రక్కు కోసం తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడట. నేను వచ్చేదాకా మెట్లు దిగకు అని ఐరీన్‌తో అన్నాడట. ఆఖరి మాట అదే. గస్ బయట హారన్ కొడుతూనే ఉన్నాడు, ఆయన లేవలేదు. ఆ రోజు నుంచీ ఐరీన్ ఫ్యాను చూసుకోవడానికి రోజూ ఆ మెట్లు దిగుతూనే ఉంది. కింద కూర్చుని ఊరి సంగతులన్నీ ఆయనతో చెప్తుంది.

"ఇల్లు అమ్మిన సంగతి మాత్రం చెప్పలేదు," అంది. "బాధపడతాడని."

ఆ సంగతి ఆయనకే చెప్పండి, షాట్ కూడా మీరే కొట్టండి అంటూ నేను లేచాను. ఐరీన్ బేస్‌మెంట్‌కి దిగి వాల్ట్ మాస్కు తెచ్చింది, నా మాస్కు బదులు ఇది పెట్టుకోమంది. ఒషావా కొట్టతని నియమం నాకు గుర్తుంది. అంకుల్ మాస్కుని వెలుతురులో తిప్పి, చీలికలేమీ లేవని చూసి, నా చేతికిచ్చారు. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఐరీన్ షాట్

ఉత్తరాన మధ్యాహ్నం మూడింటికే నీడలు సాగుతాయి. తాతలు రింకు చుట్టూ నిలబడ్డారు. ఐరీన్ బూట్లకి ముళ్ళ పట్టీలు తగిలించుకుని, గస్ చెయ్యి పట్టుకుని ఐసు మీదకి వచ్చింది. నాకు ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నిలబడింది.

మాస్కు నా తలకి బిగుతుగా కుదిరింది. లోపల ఎవరిదో ఊపిరి వాసన, పుదీనా బిళ్ళా కాఫీ. కడ్డీల్లోంచి ఐరీన్ మొహం చూస్తున్నాను. ఆ రెండు రోజుల్లో ఆవిడ మొదటిసారి నా చెవి పక్కకి కాకుండా తిన్నగా నా కళ్ళలోకి చూసింది. చూపు మధ్యలో ఏమీ కనబడదని తనే చెప్పింది. నాకు కదలాలనిపించలేదు, భయమేసింది, అయినా కదల్లేదు.

"వాల్ట్, ఇల్లు అమ్మేశాను," అంది. "నీకు చెప్పకుండా అమ్మాను. పిల్ల దగ్గరికి వెళ్తున్నాను. నా గది కింద అంతస్తులోనే ఉంది, మెట్లు లేవు. మెట్లు దిగనని నీకు మాటిస్తున్నాను. గస్ బయట హారన్ కొడుతున్నాడు, వినబడలేదా. నువ్వు వెళ్ళు."

గస్ ఆవిడ చేతికి కర్ర ఇచ్చి, పక్‌ని కర్ర దగ్గర పెట్టాడు. ఐరీన్ ఊరికే నెట్టింది. చిన్నపిల్లలు కూడా ఆపగలిగిన షాట్. పక్ మెల్లగా తిరుగుతూ వస్తోంది. నా కాళ్ళు మడతపడబోతున్నాయని తెలిసింది, ప్యాడ్లు బిగుసుకున్నాయి, మోకాలు వంగడం మొదలైంది. అంతలో కాళ్ళని మడిచే ఆ బలం ఆగింది. ఆగాక మిగిలినవి నా కాళ్ళే, బరువుగా, ఆలస్యంగా, ఎప్పటిలా. ఆపాలనే చూశాను. పక్ నా మోకాళ్ళ మధ్య నుంచి లోపలికి పోయి, నెట్ అడుగున పేరుకున్న మంచులో దిగబడింది.

తాతలెవరూ కేకలు పెట్టలేదు. ఒకాయన చప్పట్లకి బదులు కర్రతో ఐసు మీద రెండుసార్లు తట్టాడు, మిగతావాళ్ళూ తట్టారు. నాకు ఉన్నట్టుండి చలేసింది. వేళ్ళూ పళ్ళూ ఒకేసారి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పొద్దుటి నుంచీ అంత చలిలో నిలబడి, ఒక్కసారి కూడా నాకు చలెయ్యలేదని అప్పుడే తెలిసింది.

ఐరీన్ దగ్గరికి వచ్చి, మాస్కు కడ్డీల మీద వేళ్ళు పెట్టి లోపలికి చూసింది. మళ్ళీ నా చెవి పక్కకే చూస్తోంది.

"నువ్వేనా?" అని అడిగింది.

"నేనే, స్వరూపని."

"చలేస్తోందా?"

వేస్తోందన్నాను. ఆవిడ తల ఊపి, గస్ చెయ్యి వదిలి, నా చెయ్యి పట్టుకుంది. నన్ను నడిపిస్తోందో నాతో నడుస్తోందో తెలియలేదు. ఒడ్డు చేరాక అంకుల్‌ని ఫోన్ అడిగి కూతురికి చేసింది. ఐరీన్ చెప్పినది ఒక్క మాటే, వచ్చి తీసుకెళ్ళమని. చెప్పి, ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని, అంత పెద్ద తెల్లటి సరస్సుకి వీపు పెట్టి, అక్కడే మంచులో కూర్చుని ఏడ్చింది. మేమెవరమూ ఆవిడని లేవదియ్యలేదు.